బాలల పుస్తకాల రచయితలు, చిత్రకారులు: వారి దినచర్య, వారి ప్రేరణలు – తరచుగా అడిగే ప్రశ్నలు

బాలసాహిత్యం గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటల్లా కొన్ని సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. రాయాలని ఉన్నవారు, బొమ్మలు వేయాలని ఉన్నవారు, పిల్లలకు పుస్తకాలు కొనే తల్లిదండ్రులు, తరగతిలో కథలు చదివి వినిపించే ఉపాధ్యాయులు దాదాపు ఒకే మాటల్లో అడిగే ఆ ప్రశ్నలను ఇక్కడ దశలవారీగా కూర్చాము. మద్రాసులోని చందమామ కార్యాలయం మొదలుకొని స్టాక్‌హోమ్, లండన్, టోక్యోల దాకా, పని తీరు బాగా తెలిసిన రచయితల, చిత్రకారుల జీవితాలనే ఆధారంగా తీసుకున్నాము. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కనుక ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

## మొదలయ్యే దశ

కథకు ఆలోచన అసలు ఎక్కడి నుంచి వస్తుంది? ఎంతసేపు కూర్చున్నా నాకు తట్టడం లేదు.

ఎంతోకాలంగా నిలిచి ఉన్న పిల్లల పుస్తకాల్లో కొన్నింటి వెనుక, పేరూ వయసూ తెలిసిన ఒకే ఒక్క పాపో బాబో కనిపిస్తారు. 1941లో స్టాక్‌హోమ్‌లో స్వీడన్ రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ కూతురు కారిన్ న్యుమోనియాతో మంచం పట్టి, ఏదైనా కథ చెప్పమని తల్లిని అడిగింది. ఎవరి కథ కావాలంటే, అప్పటికప్పుడు నోటికి వచ్చిన "పిప్పి లాంగ్‌స్ట్రుంప్" అనే పేరు చెప్పింది. అంత వింత పేరున్న పిల్ల వింతగానే ఉండాలి కదా అని తల్లి కథ అల్లుకుంటూ పోయింది. మూడేళ్లపాటు అది నోటి కథగానే ఉంది. 1944 మార్చిలో లిండ్‌గ్రెన్ మంచు మీద జారి కాలు మెలికపడి పడుకోవలసి వచ్చినప్పుడు దానిని షార్ట్‌హ్యాండ్‌లో రాసి, మే నెలలో కారిన్ పదవ పుట్టినరోజుకు కానుకగా ఇచ్చింది. ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ పీటర్ అనే కుందేలు కథను 1893 సెప్టెంబరు 4న, జబ్బుపడిన నోయెల్ మూర్ అనే ఐదేళ్ల బాబుకు బొమ్మలు గీసి పంపిన ఉత్తరంలో తొలిసారి చెప్పింది.

ఇద్దరికీ ఎదుట ఉన్నది లోకంలోని పిల్లలందరూ కాదు, ఆ పూట మంచంలో విసుగుతో ఉన్న ఒక్క బిడ్డ. కథ ఎక్కడ నీరసించిందో అలాంటి శ్రోత మొహంలోనే తెలిసిపోతుంది. కనుక ఆలోచన తట్టడం లేదనుకునేవారు కాగితం ముందు కూర్చోవడం కాసేపు మాని, తెలిసిన ఒక బిడ్డకు ఏదైనా చెప్పడం మొదలుపెట్టడం మంచిదని మా నమ్మకం.

సొంత పిల్లలు లేనివాళ్లు పిల్లల కోసం రాయగలరా?

నిస్సందేహంగా రాయగలరు. డాక్టర్ స్యూస్ అనే పేరుతో రాసిన థియొడర్ గైజెల్‌కు సొంత సంతానం లేదు. బియాట్రిక్స్ పాటర్, మూమిన్ కథలు రాసి బొమ్మలు కూడా వేసిన ఫిన్లండ్ రచయిత్రి టోవె యాన్సన్, అమెరికన్ చిత్రకారుడు మారిస్ సెండాక్ కూడా పిల్లలను కన్నవారు కారు. తమ చిన్ననాటి భయాలు, కోపాలు, రహస్యాలు వీరికి పెద్దయ్యాక కూడా స్పష్టంగా గుర్తుండడమే వీరిలో కనిపించే ఉమ్మడి గుణం. పిల్లలున్న రచయితకు రోజూ వినే చెవులు ఇంట్లోనే దొరుకుతాయి, అదొక సౌకర్యం మాత్రమే.

బాల్యం సంతోషంగా గడిచినవాళ్లకే ఇది సాధ్యమా?

రెండు రకాల బాల్యాల నుంచీ గొప్ప పుస్తకాలు వచ్చాయి. లిండ్‌గ్రెన్ స్వీడన్‌లోని విమ్మర్‌బీ పక్కన నేస్ అనే పొలంలో, చెట్లెక్కుతూ గడ్డివాముల్లో దూకుతూ పెరిగింది. ఆమె కథల్లోని పల్లెలన్నింటిలో ఆ పొలం ఛాయ ఉంటుంది. బ్రూక్లిన్‌లో పుట్టిన సెండాక్ మాత్రం తరచూ జబ్బుపడుతూ, కిటికీ పక్కన కూర్చుని వీధిలో ఆడుకునే పిల్లలను చూస్తూ పెరిగాడు. యూరప్‌లో మిగిలిపోయిన బంధువులు యూదుల ఊచకోతలో చనిపోయారన్న దుఃఖం ఆ ఇంటిని వదలలేదు. అతని పుస్తకాల్లో పిల్లలు భయాన్ని నేరుగా ఎదుర్కొని, దాన్ని లొంగదీసుకుని ఇంటికి తిరిగి వస్తారు.

బొమ్మల పుస్తకాల రచయిత, చిత్రకారుడు ఎరిక్ కార్ల్ జీవితంలో రెండూ కలిసే ఉన్నాయి. 1929లో అమెరికాలో పుట్టి, ఆరేళ్ల వయసులో తల్లిదండ్రులతో జర్మనీకి వెళ్లి, అక్కడి యుద్ధకాలపు బూడిదరంగు వీధుల్లో పెరిగాడు. అంతకుముందు తండ్రి అతనిని షికారుకు తీసుకువెళ్లి, రాళ్లు ఎత్తి వాటి కింద పాకే పురుగులను చూపించి, మళ్లీ జాగ్రత్తగా మూసేవాడట. ఆ పురుగులు, ఆ చీకటి రోజుల్లో కరువైన రంగులు పెద్దయ్యాక అతని పుస్తకాల నిండా పరుచుకున్నాయి.

జంతువుల కథలు రాసేవారు వాటిని నిజంగా దగ్గరుండి చూస్తారా, లేక ఊహించి రాస్తారా?

నిలిచిన పుస్తకాల విషయంలో చూసే రాశారు. పాటర్, ఆమె తమ్ముడు చిన్నప్పుడు తమ చదువుగదిలోనే కుందేళ్లను, ఎలుకలను, ముళ్లపందిని, కప్పలను పెంచేవారు. పుట్టగొడుగుల మీద ఆమె శ్రద్ధ ఎంతటిదంటే, వాటి బీజాలు మొలకెత్తే తీరుపై ఆమె రాసిన పత్రాన్ని 1897లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో ఆమె తరఫున సమర్పించారు. అంత నిశితంగా చూసిన చేయి కాబట్టే, నీలం కోటు తొడిగినా ఆమె కుందేలు కుందేలులాగే కూర్చుంటుంది.

అమెరికాలో రచయిత ఇ.బి. వైట్ మెయిన్ రాష్ట్రంలోని తన పొలంలో పందులను, గొర్రెలను, బాతులను స్వయంగా చూసుకునేవాడు. తాను పెంచిన పంది ఒకటి జబ్బుచేసి చనిపోతే 1948లో దాని గురించి వ్యాసం రాశాడు. కొట్టంలో ఒక సాలెపురుగు గుడ్ల సంచి అల్లడం చూసి, ఆ సంచిని కోసి పెట్టెలో పెట్టుకుని న్యూయార్క్ తీసుకువెళ్తే, కొన్నాళ్లకు పిల్లసాలీళ్లు బయటికి వచ్చి అతని బల్లమీది వస్తువుల మధ్య దారాలు అల్లడం మొదలుపెట్టాయి. పందిని సాలెపురుగు కాపాడే "షార్లట్స్ వెబ్" 1952లో వెలువడింది. అంతకుముందు సాలెపురుగుల జీవితం గురించి వైట్ శాస్త్రగ్రంథాలు తెప్పించుకుని చాలా కాలం చదివాడు. చివరికి ఆ సాలెపురుగు చనిపోయే ఘట్టాన్ని అతను మార్చకుండా ఉంచినది కూడా ప్రకృతిలో జరిగేది అదే కాబట్టి.

పాత కథనే మళ్లీ చెబితే అది సొంత రచన అవుతుందా?

తెలుగువారికి ఇందుకు చందమామను మించిన ఉదాహరణ అక్కరలేదు. సంస్కృతంలోని బేతాళ కథలు ఇరవై ఐదే. చందమామ మాత్రం విక్రమార్కుడు, శవం, బేతాళుడు, మౌనభంగం అనే ఆ చట్రాన్ని నిలుపుకొని, దశాబ్దాలపాటు నెలనెలా కొత్త కథను అందులో అమర్చింది. ప్రతి కథ చివరా ఒక ధర్మసందేహం రావాలి, ఆ సందేహానికి రెండు వైపులా న్యాయం కనిపించాలి, రాజు ఇచ్చే జవాబు పాఠకుడు ముందే ఊహించనిదై ఉండాలి. ఈ షరతులకు లోబడి కథ అల్లడం కొత్త కథ రాయడం కంటే తేలికేమీ కాదు. జానపద కథను తీసుకున్నప్పుడు ఎవరి నోట విన్నారో, ఏ పుస్తకంలో చదివారో చెప్పడం మర్యాద. ఇంకొకరు రాసిన పాఠాన్ని ఉన్నదున్నట్టు దించితే అది రచన అనిపించుకోదు.

## రాసే రోజు

రోజుకు ఎన్ని గంటలు రాస్తారు? ఏ వేళ మంచిది?

అందరికీ పనికివచ్చే వేళ ఏదీ లేదు. ఒక్కొక్కరూ తమకంటూ ఒక వేళను ఖాయం చేసుకుని దానికి కట్టుబడి ఉండడం మాత్రం చాలామందిలో కనిపిస్తుంది. లిండ్‌గ్రెన్ పొద్దున్నే మంచం మీదే కూర్చుని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, తరువాత టైపు చేసుకునేది. బ్రిటిష్ రచయిత రోల్డ్ డాల్ ఉదయం సుమారు రెండు గంటలు, మళ్లీ సాయంకాలం రెండు గంటలు రాసేవాడు. మధ్యలో భోజనం, కాస్త నిద్ర. డాక్టర్ స్యూస్ కాలిఫోర్నియాలోని లా హోయాలో కొండమీది ఇంట్లో, మాట తోచినా తోచకపోయినా రోజుకు ఎనిమిది గంటలు బల్ల దగ్గరే ఉండేవాడు.

ఈ మూడు పద్ధతుల్లో మాకు డాల్ పద్ధతి ఎక్కువమందికి అందుబాటులో ఉంటుందనిపిస్తుంది. పిల్లల కథ వాక్యం వాక్యం మళ్లీ వినిపించుకుంటూ సాగవలసిన పని కాబట్టి, అలసిన చెవితో రాసిన మూడవ గంట పేజీలు తరచూ మరునాడు కొట్టివేయవలసి వస్తాయి.

ఉద్యోగం చేస్తూ రాయడం కుదురుతుందా?

చాలామంది అలాగే రాశారు. లిండ్‌గ్రెన్ 1946 నుంచి 1970 వరకు రాబేన్ అండ్ షోగ్రెన్ అనే ప్రచురణ సంస్థలో బాలల పుస్తకాల సంపాదకురాలిగా పనిచేసింది. ఉదయం సొంత రచన, మధ్యాహ్నం నుంచి ఇతరుల రాతప్రతులు, ఇదే ఆమె రోజు. మన వైపు కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించే వరకు చందమామ సంపాదక బాధ్యత మోస్తూ, వచ్చిన కథలను సరళమైన తెలుగులో తిరగరాస్తూనే, బయట పెద్దల కోసం కథలు, నవలలు, వ్యాసాలు విస్తారంగా రాశారు. అదే కార్యాలయంలో పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యం "తోకచుక్క" మొదలైన జానపద ధారావాహికలను 1954 నుంచి ఏళ్లతరబడి రాశారు. అవి పత్రికలో రచయిత పేరు లేకుండానే వచ్చేవి. నెలనెలా ఆ కథల కోసం ఎదురుచూసిన పిల్లల్లో ఎంతోమందికి వాటిని రాసినది ఎవరో పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఆయన పేరు ఈ తరం పిల్లలకు కూడా చెప్పడం మన బాధ్యత.

రాసుకోవడానికి ప్రత్యేకమైన గది ఉండాలా?

గది కంటే, అక్కడికి వెళితే ఇక వేరే పని ఉండదన్న ఏర్పాటు ముఖ్యం. డాల్ గ్రేట్ మిసెండెన్ అనే ఊళ్లో తన ఇంటి తోటలో ఒక చిన్న గుడిసె కట్టించుకున్నాడు. యుద్ధకాలంలో విమాన ప్రమాదంలో దెబ్బతిన్న నడుముకు వీలుగా, తల్లి వాడిన పాత కుర్చీలో కూర్చుని, చేతుల మీదుగా పచ్చని గుడ్డ అంటించిన పలకను అడ్డంగా పెట్టుకుని, పసుపు పెన్సిళ్లతో పసుపు కాగితాల మీద రాసేవాడు. చలికాలంలో కాళ్లను నిద్రసంచీలో దూర్చుకునేవాడు. ఇంట్లో పిల్లలు ఆ గుడిసెలోకి వెళ్లడానికి వీలుండేది కాదు.

టోవె యాన్సన్, ఆమె జీవన సహచరి, చిత్రకారిణి టూలిక్కి పియెటిలా ఫిన్లండ్ సింధుశాఖలోని క్లోవ్‌హారు అనే రాతిదిబ్బ మీద 1960లలో ఒకే గది ఉన్న ఇల్లు కట్టించుకుని, దాదాపు ముప్ఫై వేసవులు అక్కడే గడిపారు. అక్కడ విద్యుత్తు లేదు, నాలుగు గోడలకూ కిటికీలు, చుట్టూ సముద్రం. ఇంగ్లీషులో రాసే మన దేశపు రచయిత రస్కిన్ బాండ్‌కు ముస్సోరీ దగ్గర లాండౌర్‌లో ఒక కిటికీ, చేతిరాతకు కాగితం సరిపోయాయి. మన ఇళ్లలో గది కేటాయించడం కష్టమే. పడకగదిలో ఒక మూల, ఒక కుర్చీ, ఆ గంటలో ఎవరూ పిలవకూడదన్న మాట ఇంట్లోవారితో ముందే అనుకుంటే పని సాగుతుంది.

వందల మాటలే ఉండే పుస్తకానికి అంతకాలం ఎందుకు పడుతుంది?

మాటలు తగ్గేకొద్దీ ఒక్కొక్క మాట మీద భారం పెరుగుతుంది. చదవడం నేర్చుకునే పిల్లల కోసం పరిమితమైన పదపట్టికతో పుస్తకం రాయమని ప్రచురణకర్త అడిగినప్పుడు, డాక్టర్ స్యూస్ అది కొద్ది వారాల పని అనుకుని మొదలుపెట్టాడు. ఏడాదికి పైగా పట్టింది. 1957లో వచ్చిన ఆ "ద క్యాట్ ఇన్ ద హ్యాట్"లో ఉన్నవి 236 వేర్వేరు పదాలు. ఆ తరువాత ఇంకా తక్కువ పదాలతో రాయలేవని ప్రచురణకర్త బెనెట్ సర్ఫ్ పందెం కాస్తే, 1960లో సరిగ్గా 50 పదాలతో మరో పుస్తకం తెచ్చాడు.

ఇ.బి. వైట్ 1951లో "షార్లట్స్ వెబ్" చిత్తుప్రతి పూర్తయినా తృప్తి కలగక కొన్ని నెలలు పక్కన పెట్టాడు. మళ్లీ తీసినప్పుడు ఫెర్న్ అనే అమ్మాయిని కథ మొదట్లోకి తెచ్చి తిరగరాశాడు. పందిపిల్లను ఎందుకు చంపాలని ఆమె తండ్రిని నిలదీసే ఆ ప్రారంభం లేకుండా ఈ రోజు ఆ పుస్తకాన్ని ఊహించలేము. తెలుగులో రాసేవారికి ఇంకో కష్టం కూడా ఉంది. పొల్లులు, ఒత్తులు, జంటాక్షరాలు లేని మాటలతోనే ఒకటవ తరగతి బిడ్డ చదవగల కథ అల్లాలంటే క్రియాపదాల దగ్గరే సగం దారులు మూసుకుపోతాయి. ఆ పని చేస్తున్నవారి శ్రమకు దక్కవలసిన గౌరవం దక్కడం లేదని మా బాధ.

## బొమ్మలు వేసే దశ

కథ చేతికి వచ్చాక చిత్రకారులు మొదట ఏం చేస్తారు?

చదువుతారు, మళ్లీ చదువుతారు, ఆ తరువాత కథను పేజీలుగా విడగొడతారు. అచ్చులో పెద్ద కాగితాన్ని మడిచి ఫారాలుగా కోస్తారు కాబట్టి పేజీల సంఖ్య ఎనిమిదికో పదహారుకో గుణిజంగా ఉంటుంది. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీల్లో రావడానికి కారణం ఇదే. చిత్రకారులు అగ్గిపెట్టెంత గడుల్లో ప్రతి పేజీకీ చిన్న చిన్న చిత్తుబొమ్మలు గీసుకుని, కాగితాలు మడిచి డమ్మీ, అంటే నమూనా పుస్తకం, తయారుచేసి, పేజీ తిప్పినప్పుడు ఏది బయటపడాలో అక్కడే నిర్ణయిస్తారు. కుడిచేతి పేజీ చివర అనుమానం, పేజీ తిప్పగానే ఆశ్చర్యం అన్నది పిల్లల పుస్తకానికి ఆయువుపట్టు.

చివరి బొమ్మ వేసే పద్ధతి ఎవరిది వారిదే. బ్రిటిష్ చిత్రకారుడు క్వెంటిన్ బ్లేక్ కింద దీపం వెలిగే గాజుబల్ల మీద చిత్తుబొమ్మ ఉంచి, దానిపై వాటర్ కలర్ కాగితం పరిచి, కలంతో గీస్తాడు. కింది గీతను దిద్దడం అతని ఉద్దేశం కాదు. కింద ఏది ఎక్కడ ఉందో లీలగా కనిపిస్తుంటే, పై గీత అప్పుడే పుట్టినంత చురుగ్గా రావాలని అతని కోరిక.

మనుషుల మొహాలు, పిల్లల ఒడుపులు ఎవరిని చూసి వేస్తారు?

చుట్టూ ఉన్నవారినే చూసి వేస్తారు. సెండాక్ మొదట అడవి గుర్రాల పుస్తకం అనుకున్నాడు, తనకు గుర్రాలు వేయడం రాదని తేలింది. గుర్రాల చోట ఏ జీవాలు రావాలా అని వెతుకుతుంటే, చిన్నప్పుడు ఆదివారాలు ఇంటికి వచ్చి బుగ్గలు గిల్లుతూ "నిన్ను తినేస్తాను" అని ముద్దుచేసిన బంధువులు, వారి పెద్ద ముక్కులు, పళ్లు గుర్తుకు వచ్చాయి. 1963లో వచ్చిన "వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్"లోని వింత జీవాలు వారే.

జపాన్ చిత్రకారిణి చిహిరో ఇవాసాకి తన బిడ్డతోపాటు చుట్టుపక్కల పిల్లలనూ వేల బొమ్మలుగా గీసింది. తొమ్మిది నెలల బిడ్డకూ పది నెలల బిడ్డకూ తేడా చూపించి వేయగల చేయి ఆమెది. పిల్లలు కూర్చునే, వంగే, నిద్రపోయే తీరు ఫోటోల్లో దొరకదు. బస్సులో, గుడి మెట్ల మీద, పెళ్లిపందిట్లో చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుని గీస్తూ ఉంటేనే చేతికి వస్తుంది.

చందమామ చిత్రకారులు ఎలా పనిచేసేవారు? వారి ప్రత్యేకత ఏమిటి?

బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో తెలుగు, తమిళ భాషల్లో చందమామను ప్రారంభించారు. తరువాత అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. కథను ప్రతి భాషలోకీ తర్జుమా చేసేవారు, బొమ్మలు మాత్రం అన్నింటికీ అవే. అంటే ఒక బొమ్మను శ్రీకాకుళం పిల్లవాడూ, ఒడియా పిల్లా, మరాఠీ పిల్లా తమ ఊరి కథకు వేసినట్టే గుర్తుపట్టాలి. ఏ ప్రాంతానికీ పూర్తిగా చెందని, అన్ని ప్రాంతాలకూ పరిచయమైన ఆ కోటలు, ఆ తలపాగాలు, ఆ పూటకూళ్ల ఇళ్లు ఈ అవసరంలోంచి పుట్టాయని మా అభిప్రాయం.

"చిత్రా" అనే సంతకంతో వేసిన టి. వీరరాఘవన్ తొలినాళ్ల నుంచి అక్కడ ఉన్నారు. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల్లోని మాంత్రికులు, కొండచిలువలు, శిథిలాలయాలు ఆయన సన్నని గీతల్లోనే పాఠకుల మనసులో నిలిచాయి. "శంకర్" అనే కె.సి. శివశంకరన్ 1924లో తమిళనాడులోని ఒక పల్లెలో పుట్టి, మద్రాసు చిత్రకళాశాలలో చదివి, 1952లో చందమామలో చేరారు. కుడిచేత కత్తి, భుజాన శవంతో విక్రమార్కుడు శ్మశానంలో నడిచే బొమ్మ ఆయనదే. ఆరు దశాబ్దాలపాటు అదే పత్రికకు వేస్తూ, 2020లో కన్నుమూశారు. మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు.

వడ్డాది పాపయ్య మార్గం వేరు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, తరువాతి కాలంలో కశింకోటలో ఉన్న ఆయన "వపా" సంతకంతో వేసిన ముఖచిత్రాలు ఇంటింటా గోడలకు ఎక్కాయి. పురాణ ఘట్టాన్ని వేసినా, ఋతువును వేసినా, ఆ పసుపులు, ఆ ఊదాలు, ఆ ఆకుపచ్చలు మన నేల మీది పొద్దుల్లోంచి వచ్చినవే. ఎం.టి.వి. ఆచార్య భారత ఘట్టాలకు వేసిన బొమ్మలు చూసి భీముడు, ద్రౌపది ఎలా ఉంటారో నిర్ణయించుకున్న తరం ఇప్పటికీ మన మధ్య ఉంది.

బొమ్మలకు వాడే సామగ్రి కూడా ఆలోచన ఇస్తుందా?

ఇస్తుంది. ఎరిక్ కార్ల్ ఒకరోజు కాగితాల కట్టకు పంచింగ్ మెషీన్‌తో చిల్లులు వేస్తూ, ఆ గుండ్రటి చిల్లులు చూసి పుస్తకాన్ని తొలిచే పురుగు కథ అనుకున్నాడు. సంపాదకురాలు ఆన్ బెనెడ్యూస్ పురుగుకు బదులు గొంగళిపురుగు అయితే ఎలా ఉంటుందని అడగగానే, సీతాకోకచిలుక ముగింపు దానంతటదే వచ్చింది. చిల్లులున్న, కొలతలు వేరువేరుగా ఉన్న పేజీలను అందుబాటు ఖర్చులో అచ్చువేయగల ముద్రాపకుడు అమెరికాలో దొరకక, 1969లో ఆ పుస్తకాన్ని జపాన్‌లో అచ్చువేయించారు. కార్ల్ పల్చని టిష్యూ కాగితాలకు తానే రంగులు పూసి, ఆరబెట్టి, రంగువారీగా సొరుగుల్లో దాచుకుని, కత్తిరించి అతికించేవాడు.

కంప్యూటర్‌లో వేసిన బొమ్మలకు విలువ తక్కువా?

తక్కువ కాదు. ఇప్పుడు చాలామంది చిత్తుబొమ్మ కాగితం మీద గీసి, స్కాన్ చేసి, రంగులు తెరమీద వేస్తున్నారు. గీత బలం, పరిశీలన ఉన్నచోట పరికరం అడ్డురాదు. తెరమీది రంగు అచ్చులో మారుతుంది కనుక ప్రూఫు, అంటే అచ్చు నమూనా, చూడకుండా ఒప్పుకోకూడదు.

## రచయిత, చిత్రకారుడు కలిసే దశ

రచయిత తనకు నచ్చిన చిత్రకారుణ్ణి ఎంచుకోవచ్చా? ఇద్దరూ కూర్చుని పనిచేస్తారా?

పెద్ద ప్రచురణ సంస్థల్లో సాధారణంగా సంపాదకులే ఎంపిక చేస్తారు. చాలాసార్లు రచయిత, చిత్రకారుడు ఒకరినొకరు చూడకుండానే పుస్తకం పూర్తవుతుంది. బొమ్మకు తనదైన కథ చెప్పే స్వేచ్ఛ ఉండాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. అయినా మంచి సంభాషణ సాగినచోట ఫలితం వేరుగా ఉంటుంది. "బి.ఎఫ్.జి."లోని మంచి రాక్షసుడికి ఎలాంటి పాదరక్షలు వేయాలో తేలక ఇబ్బందిపడుతుంటే, డాల్ తాను తొడుక్కునే నార్వే చెప్పును ఒక పొట్లంలో చుట్టి క్వెంటిన్ బ్లేక్‌కు పోస్టులో పంపాడు. 1982లో వచ్చిన ఆ పుస్తకంలో రాక్షసుడి కాళ్లకు ఉన్నది ఆ చెప్పే. "షార్లట్స్ వెబ్"కు బొమ్మలు వేసిన గార్త్ విలియమ్స్‌కు వైట్ సాలెపురుగుల పుస్తకాలు పంపాడు, కథలోని సాలెపురుగుకు మనిషి మొహం పెట్టకూడదన్నది వైట్ పట్టుదల.

రచయితలకు మా మనవి ఒక్కటే. బొమ్మలో కనిపించబోయేదానిని మాటల్లో వర్ణించి చిత్రకారుడి చేతులు కట్టివేయకండి. కథకు తప్పనిసరైన వివరం ఉంటే మాత్రం ముందే రాసి ఇవ్వండి.

బొమ్మలు ముందు వచ్చి, కథ తరువాత చేరిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. తెలుగులో "రైలుబడి"గా ఎందరో చదివిన టెట్సుకో కురొయనాగి పుస్తకం 1981లో జపాన్‌లో వెలువడింది. అందులోని బొమ్మలు వేసిన చిహిరో ఇవాసాకి 1974లోనే మరణించింది. ఆమె వదిలివెళ్లిన వేలాది పిల్లల బొమ్మల్లోంచి కురొయనాగి తన కథకు సరిపోయేవి ఎంచుకుంది. చదివేవారికి అవి ఆ బడి కోసమే వేసినట్టు ఉంటాయి.

## పుస్తకం వెలువడే దశ, ఆ తరువాత

ప్రచురణకర్తలు తిప్పి పంపితే ఏం చేయాలి?

పీటర్ కుందేలు కథను ప్రచురణకర్తలు తిప్పి పంపితే, పాటర్ 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 ప్రతులు అచ్చువేయించి తెలిసినవారికి పంచింది, అమ్మింది. మరుసటి ఏడాదే వార్న్ సంస్థ రంగుల్లో ప్రచురించింది. చిన్న చేతుల్లో పట్టే చిన్న పుస్తకమే కావాలన్న పట్టు ఆమె వదలలేదు. పిప్పి కథను స్వీడన్‌లోని పెద్ద ప్రచురణ సంస్థ కాదన్నది. లిండ్‌గ్రెన్ దాన్ని సవరించి పోటీకి పంపి బహుమతి గెలుచుకుంది, 1945లో పుస్తకమైంది. డాక్టర్ స్యూస్ మొదటి పుస్తకాన్ని ఇరవైకి పైగా సంస్థలు తిరస్కరించాక, వీధిలో ఎదురైన పాత కాలేజీ మిత్రుడు అప్పుడే బాలల పుస్తకాల సంపాదకుడిగా చేరి ఉండడంతో 1937లో అచ్చయింది. ఇందులో అదృష్టం పాలు ఉన్నదని ఒప్పుకోవాలి. తిరిగివచ్చిన ప్రతిని పిల్లలకు చదివి వినిపించి, వారు కదిలిన చోట్ల గుర్తుపెట్టి సవరించి పంపడం మన చేతిలో ఉన్న పని.

ఈ పనితో ఇల్లు గడుస్తుందా?

కొద్దిమందికి మాత్రమే. పాటర్ తన పుస్తకాల మీద వచ్చిన డబ్బు, వారసత్వంగా వచ్చిన కొంత సొమ్ము కలిపి 1905లో హిల్ టాప్ అనే పొలం కొనుక్కోగలిగింది. ఎక్కువమంది మరో ఉద్యోగం మీదో, పత్రికల పని మీదో ఆధారపడ్డారు. ఒప్పందం చేసుకునేటప్పుడు ఒకేసారి ఇచ్చే పారితోషికమా, ప్రతుల అమ్మకంపై రాయల్టీయా, మూలచిత్రాలు ఎవరి దగ్గర ఉంటాయి, అనువాద హక్కులు ఎవరివి అన్న నాలుగు విషయాలు కాగితం మీద ఉండాలి.

పిల్లలు రాసే ఉత్తరాలకు వారు జవాబిస్తారా?

ఇచ్చినవారు చాలామంది. టోవె యాన్సన్‌కు ఏటా సుమారు 2000 ఉత్తరాలు వచ్చేవి, ఆమె చేత్తోనే జవాబులు రాసేది. అందుకు తన పనివేళల్లో పెద్ద భాగం పోతున్నదని తెలిసినా మానలేదు. సెండాక్ తనకు ఉత్తరం రాసిన ఒక బాబుకు కార్డు మీద అడవి జీవం బొమ్మ వేసి పంపాడు. కొన్నాళ్లకు ఆ బాబు తల్లి నుంచి జవాబు వచ్చింది: ఆ కార్డు ఎంతగానో నచ్చి బాబు దాన్ని తినేశాడని. మూలచిత్రమన్న లెక్క లేకుండా, చూశాడు, నచ్చింది, తినేశాడు, తాను అందుకున్న గొప్ప ప్రశంసల్లో అదొకటని సెండాక్ చెప్పేవాడు. మీ పిల్లలు జీవించి ఉన్న రచయితకు రాయాలనుకుంటే ప్రచురణ సంస్థ చిరునామాకు రాయించండి.

మా పాప ఎప్పుడూ బొమ్మలు వేస్తూ కథలు అల్లుతుంటుంది. మేం ఏం చేయాలి?

ముందుగా, అచ్చులో చూసుకునే అవకాశం కల్పించండి. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మద్రాసు నుంచి "బాల" పత్రికను ప్రారంభించి పిల్లల రచనలకు చోటిచ్చారు. బాపు, ముళ్లపూడి వెంకటరమణ బడిపిల్లలుగా ఉన్నప్పుడు వారి తొలి బొమ్మలు, రాతలు వచ్చినది ఆ పత్రికలోనే. ఇప్పుడు ఆ అవకాశం బడి గోడపత్రిక కావచ్చు, మీరే కుట్టి ఇచ్చిన ఎనిమిది పేజీల పుస్తకం కావచ్చు.

ఆమెను గమనించే ఒక పెద్దవారు కూడా ఉండాలి. నాజీల పాలనలో ఆధునిక చిత్రకళ నిషేధంలో ఉన్నప్పుడు, క్రౌస్ అనే చిత్రలేఖనం మాస్టారు పన్నెండు పదమూడేళ్ల ఎరిక్ కార్ల్‌ను తన ఇంటికి పిలిచి, దాచి ఉంచిన ఆ చిత్రాల నకళ్లు రహస్యంగా చూపించాడు. ఆ రంగుల స్వేచ్ఛను కార్ల్ జన్మంతా తలుచుకున్నాడు. పాప బొమ్మ చూసి "ఆవు ఎక్కడైనా నీలంగా ఉంటుందా" అని దిద్దకండి. ఇంకా ఏం జరిగిందో చెప్పమని అడగండి, చెప్పింది చెప్పినట్టు బొమ్మ వెనుక రాయండి, తేదీ వేసి దాచండి. ఎనిమిదేళ్ల బియాట్రిక్స్ పాటర్ 1875లో గొంగళిపురుగులు గీసి, వాటి అలవాట్లు పక్కనే రాసుకున్న పుస్తకం ఈ రోజుకీ భద్రంగా ఉంది.